ఇక్కడిదాకా ఎలా వచ్చారు?

(వృక్షశాస్త్రం చెప్పిన మా మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



నేను ఈ కళాశాలలో బీఎస్సీ రెండో సంవత్సరంలో ఉండగా ఇదే హాల్లో ఒక విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ గారు ప్రసంగించారు. గంటసేపు మాట్లాడారు. బోర్డు నిండా సమీకరణాలు రాశారు. వందన సమర్పణకు మా తోటి విద్యార్థి లేవబోతుంటే, మూడో వరుస చివర కిటికీ పక్కన కూర్చున్న మాస్టారు లేచి నిలబడ్డారు. "అయ్యా, మీరు చేసిన పని గురించి చెప్పారు, చాలా సంతోషం. మీరు ఇక్కడిదాకా ఎలా వచ్చారో కూడా మా పిల్లలకు చెప్పి వెళ్లండి" అన్నారు.

ప్రొఫెసర్ గారు కాసేపు ఏమీ అనలేదు. చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టారు. తర్వాత మొదలుపెట్టారు. వాళ్ల నాన్నగారు మగ్గం నేసేవారట. ఇంటర్ అయ్యాక ఏడాది పాటు ఈయన ఇంట్లోనే ఉండి ఆసు పోశారట. పక్క ఊరి హైస్కూలు లెక్కల మాస్టారు డిగ్రీ దరఖాస్తు ఫారం తనే కొని, తనే నింపి, ఇంటికొచ్చి సంతకం పెట్టించుకుని పోయారట. హాస్టల్లో మెస్ బిల్లు కట్టలేని నెలల్లో వంటమనిషి ఎవరికీ చెప్పకుండా రాత్రి అన్నం గిన్నె పక్కన పెట్టి ఉంచేవాడట. "నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో గైడు గారి పేరుంది. డిపార్టుమెంటు హెడ్డు పేరుంది. ఆ వంటమనిషి పేరు నేను రాయలేదు" అంటూ ఆగిపోయారు.

ఆ రోజు బోర్డు మీద ఉన్న సమీకరణాలు తర్వాత నాకు పుస్తకాల్లో దొరికాయి. ఆ పది నిమిషాల్లో విన్నది మరెక్కడా దొరకలేదు. చదువు అయ్యాక నేను పత్రికల్లో చేరాను. ముప్పై ఏళ్లపాటు విశ్వవిద్యాలయాల్లో పనిచేసే శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లి, వాళ్ల ల్యాబుల్లో స్టూలు వేసుకుని కూర్చుని, మాస్టారి ప్రశ్ననే అడుగుతూ వచ్చాను. ఆ సంభాషణలు నాకు నేర్పినది ఇవాళ మీ ముందు పెడతాను.

మాస్టారికి ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన దగ్గర హెర్బేరియం ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు తెలుసు. కొండమీద నుంచి మొక్క తెచ్చి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, షీటు మీద అతికించి తీసుకెళితే ఆయన మొక్కను చూసేవారు కారు. కింద కుడి మూలన ఉన్న చీటీ చూసేవారు. ఏ ఊళ్లో తీశారు? ఏ తారీఖున? నేల ఎలాంటిది? పక్కన నీళ్లున్నాయా? స్థానికులు ఏమంటారు? తీసినవారెవరు? ఇవి రాయకపోతే షీటు వెనక్కి ఇచ్చేవారు. "చీటీ లేని మొక్క ఎండుగడ్డిరా" అనేవారు. అది వట్టి క్రమశిక్షణ మాట కాదు. ఎక్కడిదో తెలియని నమూనా వృక్షశాస్త్రానికి దాదాపు పనికిరాదు. మళ్లీ ఆ చోటికి వెళ్లి ఆ మొక్క ఇంకా ఉందో లేదో చూడటానికి వీల్లేదు గనక.

మనుషుల విషయంలోనూ మాస్టారిది అదే పట్టు. ఒక శాస్త్రవేత్త ఏం కనిపెట్టారో చెప్పి ఊరుకుంటే అది చీటీ లేని మొక్క. ఏ నేలలో మొలిచారు, పక్కన ఏ నీళ్లున్నాయి అని తెలిస్తే తప్ప మరొకరు ఆ చోటికి వెళ్లలేరు.

పరిశోధన పత్రం చదివినవారికి దాని అమరిక తెలుసు. ఉపోద్ఘాతం, పద్ధతి, ఫలితాలు, చర్చ. అన్నీ వరసగా, ముందే అనుకుని చేసినట్టు ఉంటాయి. ఒక రసాయనశాస్త్ర ప్రొఫెసర్ గారు తన పేపరు ఒకటి నా చేతికిచ్చి, అందులో రెండు వరుసలు చూపించారు. ఆ రెండు వరుసల వెనక పద్నాలుగు నెలలున్నాయి. రియాక్షన్ పెట్టడం, కొత్త పదార్థం ఏర్పడిందో లేదో చూపే టీఎల్‌సీ ప్లేటు మీద స్పాట్ కోసం చూడటం, ఏమీ లేక మళ్లీ పెట్టడం. ఒక సెలవు రోజున కరెంటు పోయి ఫ్లాస్కు రాత్రంతా వేడి లేకుండా ఉండిపోయింది. మర్నాడు పారబోయబోతూ ఒకసారి చూద్దామని ప్లేటు వేస్తే స్పాట్ కనిపించింది. పేపర్లో "గది ఉష్ణోగ్రత వద్ద పన్నెండు గంటలు" అని మాత్రమే ఉంది. అందులో అబద్ధం లేదు. పత్రం పని ఫలితాన్ని పరీక్షకు పెట్టడం. ఎవరైనా మళ్లీ చేసి చూసుకునేలా చెప్పడం. కరెంటు పోవడాన్ని ఎవరూ మళ్లీ చేయనక్కర్లేదు. కానీ పారబోసేముందు ఒకసారి చూడటం అనే అలవాటు ఉందే, అది ఏ పేపర్లోనూ రాదు. అది మనిషి నుంచి మనిషికి, మాటలోనే వస్తుంది.

మన తెలుగువారికే చెందిన ఒక ఉదాహరణ చెబుతాను. గణాంకశాస్త్రంలో సి.ఆర్. రావు గారి పేరు వినని దేశం లేదు. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. కృష్ణుడిలాగే ఎనిమిదో సంతానం కనక రాధాకృష్ణ అని పేరు పెట్టారు. నాన్నగారిది పోలీసు శాఖలో బదిలీల ఉద్యోగం. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం – ఇలా ఊళ్లు మారుతూ చదువుకున్నారు. 1945లో ఆయన ప్రచురించిన ఒక్క పత్రంలోనే క్రామర్–రావు అసమానత, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఉన్నాయి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

ఇదీ ఫలితం. మరి దారి? అది ఆయన తర్వాతి కాలంలో తోటి శాస్త్రవేత్తలతో చెప్పుకున్న మాటల్లో ఉంది. మోరిస్ డిగ్రూట్ అనే గణాంకశాస్త్రవేత్త ఆయనతో చేసి, 1987లో అచ్చయిన సుదీర్ఘ సంభాషణ వాటిలో ముఖ్యమైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం మొదటి శ్రేణిలో పూర్తిచేసిన కుర్రవాడికి పరిశోధనకు స్కాలర్‌షిప్ దొరకలేదు. దరఖాస్తు గడువులోగా అందలేదన్నారు. యుద్ధ సమయం. సైన్యంలో సర్వే విభాగానికి గణితం తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూ కోసం కలకత్తా రైలెక్కారు. ఆ ఉద్యోగమూ రాలేదు. బస చేసిన దక్షిణాది హోటల్లో ఒక మనిషి పరిచయమయ్యాడు. గణాంకాల్లో శిక్షణ కోసం బొంబాయి నుంచి వచ్చినవాడు. అతని వెంట ప్రెసిడెన్సీ కాలేజీలో గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూడటానికి వెళ్లారు. ఇది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందేమో అనుకున్నారు. విశాఖకు తిరిగొచ్చి, కలకత్తాలో ఉండటానికి నెలకు 30 రూపాయలవుతుందని అమ్మతో చెప్పారు. ఎలాగో ఒకలా డబ్బు సర్దుతాను, నువ్వు వెళ్లు అన్నారావిడ. 1941 జనవరి 1న అక్కడ చేరారు.

ఆ అమ్మ పేరు లక్ష్మీకాంతమ్మ. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తనను లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించి పెట్టిన సంగతిని రావు గారు తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు.

1945 నాటి ఆ పత్రానికీ ఇలాంటి వెనక కథే ఉంది. అంతకు ఏడాదో రెండేళ్లో ముందు ఆయన కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన ఫలితాన్ని క్లాసులో నిరూపించారు. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనా చిన్నదైతే ఏం చెప్పగలం అని అడిగాడు. రావు గారికి వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అని తెలిస్తే, ఒకవైపు మొగ్గని అంచనా ఎంత నేర్పుగా కట్టినా దానిలో ఉండే చెదురు ఒక హద్దుకంటే కిందికి దిగదు. ఆ హద్దు ఎంతో చెప్పే సూత్రమే ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న ఆ అసమానత. క్రామర్ కూడా విడిగా అదే చోటికి చేరాడు కనక రెండు పేర్లూ కలిశాయి. ప్రశ్న అడిగిన దండేకర్ తర్వాత మన దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన పెద్ద ఆర్థికవేత్త అయ్యాడు.

పిల్లలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఫలితం మాత్రమే చదివినవాడు సి.ఆర్. రావు పుట్టుకతో మేధావి అని చేతులు జోడించి వెళ్లిపోతాడు. దారి విన్నవాడికి వేరే సంగతులు తెలుస్తాయి. ఒక గడువు దాటిపోయినా జీవితం దాటిపోదని తెలుస్తుంది. రాని ఉద్యోగం కోసం ఎక్కిన రైలు కూడా ఎక్కడికో చేరుస్తుందని తెలుస్తుంది. క్లాసులో లేచి అడిగిన ప్రశ్నకు ఎంత విలువుందో తెలుస్తుంది. తెలియదు అని ఒప్పుకుని రాత్రి కూర్చునే గురువు ఎలా ఉంటాడో తెలుస్తుంది. మొదటి రకం ఎరుక దండం పెట్టిస్తుంది, రెండోది నడిపిస్తుంది.

ఎవరూ కూర్చుని అడగని మనిషి కథ కూడా మనకుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరుకు కంటగింపై, పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారు. 1922లో బోస్టన్ చేరి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశారు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోనూ కణజాలంలోనూ ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వేరుచేశారు. అక్కడ శాశ్వత స్థానం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లి పరిశోధన విభాగం నడిపారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్, క్యాన్సర్ మీద ప్రయోగించిన తొలి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ – ఇవన్నీ ఆయన నాయకత్వంలో వచ్చాయి. మన పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర ఆ డైఇథైల్‌కార్బమజైనే. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే నిద్రలో పోయారు.

ఆయన తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. అడగాలని ఎవరికీ తోచలేదు. ఆయన పోయిన చాలా ఏళ్లకు ఎస్.పి.కె. గుప్తా అనే పాత్రికేయుడు ఆయన్ను ఎరిగినవారిని వెతికి, ఉత్తరాలు, జ్ఞాపకాలు పోగుచేసి, 1987లో జీవితచరిత్ర వెలువరించారు. సుబ్బారావు గారి గురించి ఇవాళ మనం చెప్పుకునే వాటిలో ఎన్నో అలా దక్కినవే. మా వృత్తికి చెందిన మనిషి అంత పని చేశాడని నాకు గర్వంగా ఉంటుంది. ఒక్కటే కొరత. స్ప్రూ అనే పేగుల వ్యాధితో సోదరులను పోగొట్టుకున్న మనిషి, పాతికేళ్ల తర్వాత ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను చేతిలోకి తీసుకున్న రోజున ఏమనుకున్నాడు? ఆ జవాబు ఆయన దగ్గరే ఉండేది. ఆయనతోనే వెళ్లిపోయింది.

ఇందులో తొందర ఎంత ఉందో చెప్పడానికి మరో సంగతి. 1960ల మొదట్లో క్వాంటం భౌతికశాస్త్రాన్ని నిర్మించినవారి మాటలు రికార్డు చేయాలని అమెరికాలో ఒక ప్రాజెక్టు పెట్టారు. థామస్ కూన్ అనే చరిత్రకారుడు దాన్ని నడిపాడు. కోపెన్‌హేగన్‌లో నీల్స్ బోర్‌తో వరసగా కూర్చోవడం మొదలుపెట్టారు. 1962 నవంబరు 17న ఒక దఫా సంభాషణ జరిగింది. మర్నాడు బోర్ కన్నుమూశాడు. మొదలుపెట్టినవారికి అన్ని రోజులైనా దక్కాయి. అసలు మొదలే పెట్టని మన సంగతి ఆలోచించండి.

ఇక నేను కూర్చున్న ల్యాబుల్లోంచి ముగ్గురి మాటలు. పేర్లు చెప్పను. వద్దన్నవారూ ఉన్నారు, మిగతావారి విషయంలో పేరుకన్నా మాట ముఖ్యం.

మొదటివారు నల్గొండ జిల్లా పల్లెలో పుట్టిన రసాయనశాస్త్ర ప్రొఫెసర్. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పదార్థాలమీద పనిచేశారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. మన ప్రాంతంలో ఈ జబ్బును ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. ఇదంతా ఆయన ఇంగ్లీషులో, ప్రొఫెసర్ గొంతుతో చెప్పారు. ఇక్కడిదాకా ఎలా వచ్చారని అడిగేసరికి తెలుగులోకి దిగారు. "మా నాయనమ్మకు మెడ తిరిగేది కాదు. పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. చుక్కలు చూడాలంటే మంచంలో పడుకోవాల్సిందే. నేను పీహెచ్‌డీ మా గైడు గారి ప్రాజెక్టులో, లోహాల మీద చేశాను. ఉద్యోగం వచ్చింది, పేపర్లు పడ్డాయి. మా జిల్లా నుంచి వచ్చిన ఒక స్కాలర్ నవ్వినప్పుడు పళ్లు కనిపించకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేది. అది చూశాకే నా పని మార్చుకున్నాను. ప్రశ్న మా ఇంట్లోనే ఉంది. అది ప్రశ్న అని తెలియడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది."

ఆ రోజు నుంచి నేనొకటి గమనిస్తూ వచ్చాను. మన శాస్త్రవేత్తలు ఫలితం దగ్గర ఇంగ్లీషులో ఉంటారు, దారి దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి వస్తారు. నాయనమ్మ మెడ గురించి వాళ్లకు ఇంగ్లీషులో మాటల్లేవు. అందుకే ఈ సంభాషణలు తెలుగులో జరగాలి, తెలుగులో అచ్చుకావాలి. దారి పుట్టిన భాషలోనే దారి దొరుకుతుంది.

రెండోవారు సూక్ష్మజీవశాస్త్రవేత్త. పీహెచ్‌డీ అయ్యాక తొమ్మిదేళ్లు ఇంట్లో ఉండి, నలభై దాటాక తిరిగి ల్యాబుకు వచ్చారు. మధ్యలో ఆగిన మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002–03 నుంచి ఒక పథకం నడిపింది. ఆ ఫెలోషిప్పే ఆవిడకు తలుపు తెరిచింది. "పిపెట్ పట్టుకుంటే చెయ్యి వణకలేదు. చెయ్యి ఏదీ మర్చిపోలేదు. కొత్త కిట్ల పేర్లు చిన్నపిల్లలు గబగబా అంటుంటేనే గుండె జారేది" అన్నారు. ఆ తొమ్మిదేళ్ల గురించి అడిగాను. "బయోడేటాలో దాన్ని గ్యాప్ అంటారండీ. ఇద్దరు పిల్లల్ని పెంచాను. మామయ్యగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాను. అక్కడ కూర్చున్న గంటల్లో, ఆసుపత్రిలో ఒకరి నుంచి ఒకరికి ఇన్‌ఫెక్షన్ ఎలా పాకుతుందో చూశాను. తిరిగొచ్చాక నేను ఎంచుకున్న సమస్య అదే. ఇంటర్వ్యూలో గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగారు. ఆ గ్యాప్‌లో ఏం చూశారని ఒక్కరూ అడగలేదు."

ఆడవారికి తలుపు మూసుకోవడం కొత్త కాదు. 1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్త అయిన కమలా సొహోనీకి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆడపిల్ల అన్న కారణంతో ప్రవేశం నిరాకరించినది సి.వి. రామన్ అంతటివారు. ఆమె పట్టుబట్టి, షరతుల మీద చేరి, తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు తీసుకున్నారు. 2008లో రోహిణీ గాడ్‌బోలే, రామ్ రామస్వామి సంపాదకత్వంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 'లీలావతీస్ డాటర్స్' అనే పుస్తకం తెచ్చింది. దాదాపు వంద మంది భారతీయ మహిళా శాస్త్రవేత్తల దారులు అందులో ఉన్నాయి. అలాంటి పుస్తకం తెలుగు విశ్వవిద్యాలయాల మహిళా శాస్త్రవేత్తల మాటలతో, తెలుగులో, మన ఆడపిల్లల చేతికి రావాలని నా కోరిక.

మూడోవారి గురించి చెప్పేటప్పుడు నాకు గొంతు కొంచెం బరువవుతుంది. జంతుశాస్త్రంలో డాక్టరేటు ఉంది. పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు అధ్యాపకుడు. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి ఆగి ఉండటం మీకు తెలిసిందే. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌కు 42,000 అయింది. స్కాలర్‌కు ఒక ఐదేళ్లు ఎలాగో గడుస్తాయి. ఆ తర్వాత? ఈయన రోజుకు నాలుగు క్లాసులు చెప్పి, ఆదివారాలు ఊరి చెరువు గట్టున తూనీగలను లెక్కపెడతారు. తూనీగ పిల్లదశ నీళ్లలోనే గడుస్తుంది. నీళ్లు పాడైతే కొన్ని జాతులు ముందుగా మాయమవుతాయి, కొన్ని తట్టుకుంటాయి. ఏ జాతులు మిగిలాయో చూస్తే చెరువు ఆరోగ్యం తెలుస్తుంది. పదకొండేళ్ల లెక్కలు ఆయన నోటు పుస్తకాల్లో ఉన్నాయి. "దీనికి గ్రాంటు అక్కర్లేదండీ, పొద్దున్నే లేస్తే చాలు" అన్నారు. ఇక్కడిదాకా ఎలా వచ్చారని అడిగితే, "నేను ఎక్కడికీ రాలేదండీ. ఇంకా దారిలోనే ఉన్నాను" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ముప్పై ఏళ్లు నేను ఎవరిని అడిగాను? చేరినవారినే. ప్రొఫెసర్లయినవారిని, పేరొచ్చినవారిని. దారి మధ్యలో ఉన్నవారిని, వెనక్కి మళ్లినవారిని అడగకపోతే మన దగ్గర ఉండేది సగం దారి పటమే. ఎక్కడ వంతెన కూలిందో వెనక్కి మళ్లినవాడికే బాగా తెలుసు.

శాస్త్రానికి మనిషి జీవితంతో పనేముంది, సూత్రం నిజమైతే చాలు కదా అని పెద్దలు కొందరు నాతో అన్నారు. వారి మాటలో సత్యం ఉంది. రావు గారి అసమానత ఆయన అమ్మ దీపం వెలిగించకపోయినా నిజమే. అయితే దాన్ని కనుక్కునే మనిషికి ఆ దీపం కావాలి. తర్వాత వచ్చే మనిషికీ ఏదో ఒక దీపం కావాలి. జ్ఞాపకం తప్పుతుంది, మనుషులు తమ కథను తమకు తెలియకుండానే చక్కదిద్దుకుంటారు అని ఇంకొందరన్నారు. అదీ నిజమే. అందుకే నేను విన్న తేదీని ల్యాబ్ నోటుబుక్కుతో, అపాయింట్‌మెంట్ ఉత్తరంతో సరిచూసుకున్నాను. సరిపోని చోట వారినే మళ్లీ అడిగాను. సంభాషణ పత్రాలకు బదులు కాదు. పత్రాలకు అతికించే చీటీ అది.

ఎలా అడగాలో మాస్టారు నాకు నేర్పారు. నేను మొదటిసారి ఒక శాస్త్రవేత్త దగ్గరికి వెళ్లేముందు ఆయన ఇంటికి వెళ్లి అడిగాను. ముందు కుర్చీలో కూర్చోవద్దు, పనిచేసే బల్ల దగ్గరికి వెళ్లు అన్నారు. బల్లమీద ఉన్నది చూపించి, ఇదేమిటండీ అని అడిగితే ఎంత బెరుకు మనిషైనా మాట్లాడతాడు. ఇవాళ పొద్దున ఏం చేశారో అడుగు, చిన్ననాటికి తర్వాత వెళ్లు. కృతజ్ఞతల పేజీలో లేని పేర్లు అడుగు. ఆయన ఆగితే నువ్వూ ఆగు. ఆ ఖాళీని నీ మాటతో నింపకు. యువతకు మీ సందేశమేమిటని మాత్రం అడగకు, అడిగితే అప్పటిదాకా నీతో మాట్లాడిన మనిషి లేచి వేదిక ఎక్కేస్తాడు. రాసింది వారికి చదివి వినిపించు. తీసేయమన్నది తీసేయి. ఈ ఆరు మాటలతోనే నా వృత్తి నడిచింది.

బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్)లో 2019లో ఒక ఆర్కైవ్స్ తెరిచారు. శాస్త్రవేత్తల ఉత్తరాలు, నోటు పుస్తకాలతోపాటు వారి నోటి మాటలను కూడా దాస్తున్నారు. మన విశ్వవిద్యాలయాల్లో ప్రతి గ్రంథాలయం ఒక చిన్న గది, ఒక హార్డ్ డిస్కు కేటాయిస్తే ఆ పని మనమూ చేయగలం. ఖరీదైన కెమెరాలు అక్కర్లేదు. మీ అందరి జేబుల్లో ఫోన్లున్నాయి. సెలవుల్లో ఒక్కో విద్యార్థి ఒక్క శాస్త్రవేత్తతో రెండు గంటలు కూర్చోవాలి. పదవీ విరమణ చేసి ఇంట్లో ఉన్నవారితో మొదలుపెట్టండి. వారి కోసం కాలం ఆగదు. ఆ తర్వాత కాంట్రాక్టు అధ్యాపకులను, వెనక్కి మళ్లినవారిని అడగండి. ల్యాబ్ అటెండరును అడగండి. ఏ గ్లాసువేరు ఎవరు పగలగొట్టారో, ఎవరు రాత్రి పదింటిదాకా ఉండేవారో ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదు.

చివరిగా మాస్టారి గురించి. ఆయన కూడా ఒకప్పుడు పరిశోధనలో చేరి, రెండేళ్లకు వదిలేసి ఉద్యోగంలోకి వచ్చారని మాకు లీలగా తెలుసు. ఎందుకు వదిలారో నేను ఒకసారి అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. నేను ఆగాను, ఆయన నేర్పినట్టే ఆగాను. కాసేపటికి, "మళ్లీ వచ్చినప్పుడు చెబుతాలేరా" అన్నారు. నేను మళ్లీ వెళ్లడానికి రెండేళ్లు పట్టింది. అప్పటికి ఆయన మాట పడిపోయి ఉంది.

మొన్న ఈ ఉపన్యాసం రాసుకోవడానికి వచ్చి, హెర్బేరియం గదిలో రెండు రోజులు కూర్చున్నాను. ఆయన సొంతంగా తీసిన షీట్లు వరసగా చూశాను. మొదటి రెండేళ్ల షీట్లన్నీ నల్లమలవి, అన్నీ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. అదే ఆయన పరిశోధన అయి ఉండాలి. ఒక నవంబరులో వరస తెగిపోయింది. ఆరు నెలలు ఏమీ లేదు. తర్వాతి షీటు ఈ ఊరి చెరువు కట్ట మీద తీసిన నేలవేము. చీటీలో తారీఖు, నేల, ఎత్తు, స్థానికంగా పిలిచే పేరు, అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. అన్నిటికన్నా కింద, హెర్బేరియం నియమాల్లో లేని ఒక గడి ఆయనే గీసుకున్నారు: 'చెప్పినవారు'. దాని ఎదురుగా, మేకల కాపరి అని రాసి, పక్కన ఆ కాపరి పేరు, ఊరు రాశారు. అక్కడి నుంచి ఆయన ఆఖరి షీటు దాకా ప్రతి చీటీలోనూ ఆ గడి ఉంది. ఒక్కచోట కూడా ఖాళీగా లేదు.

ఈ సభ అయ్యాక ఆ గది సాయంత్రం దాకా తెరిచి ఉంచమని ప్రిన్సిపాల్ గారిని కోరాను, వారు ఒప్పుకున్నారు. పిల్లలారా, వెళ్లి ఆ షీట్లు చూడండి. ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో తెలిసిన వ్యక్తి ఒకరే ఉన్నారు. మాస్టారి ఇంటి నుంచి వచ్చిన అమ్మగారు. ఆవిడ ఇక్కడే, మొదటి వరుసలో కూర్చున్నారు. అమ్మగారూ, మీరు అనుమతిస్తే రేపు పొద్దున నేనూ, ఈ పిల్లల్లో ఇద్దరూ మీ ఇంటికి వస్తాం. ఈసారి నేను రెండేళ్లు ఆగను.